వెయ్యి చిప్ వేశాను కానీ నోరు విప్పలేదు, అది రేజా కాదా?

ప్రశ్న: అన్నా, మాది నిజాంపేట. శనివారం రాత్రుళ్ళు మా ఫ్లాట్‌లో ఏడుగురం కూర్చుని పోకర్ ఆడతాం, అదే, టెక్సాస్ హోల్డెమ్. డబ్బు పెట్టం, ఉత్త చిప్సే, అదే, అంకెలు వేసిన బిళ్ళలు. నెలాఖరుకి అందరికంటే వెనకబడ్డవాడు బిర్యానీ తెప్పించాలి, అంతే. పోయిన వారం ఒకే రాత్రి మూడు గొడవలయ్యాయి. మొదటిది, మా బావమరిది 300 బెట్ వేస్తే నేను రేజ్ చేద్దామని, అంటే బెట్ పెంచుదామని, వెయ్యి చిప్ ఒకటి ముందుకు తోశాను, నోటితో ఏమీ అనలేదు. అందరూ కలిసి అది ఉత్త "కాల్", అంటే వాడి 300కి సమానంగా వేసినట్టే అని 700 వెనక్కి ఇచ్చేశారు. రెండోది, శీను 500 వేశాడు, నా వంతు, నేనింకా ఆలోచిస్తుంటే నా తర్వాత ఆడాల్సిన బావమరిది "కాల్" అని 500 వేసేశాడు. నేను 2000కి రేజ్ చేశాను. వాడు తన 500 వెనక్కి లాక్కుని ముక్కలు పడేశాడు. కాల్ అన్నాక ఆ 500 అయినా వదిలేయాలి కదా? మూడోది, ఇంకో ఆటలో నేను 500 వేస్తే శీను "నీ అయిదొందలు కాల్" అని చిప్స్ పెట్టి, నా మొహం ఓసారి చూసి, "పైన ఇంకో పదిహేనొందలు" అన్నాడు. దాన్ని మాత్రం అందరూ ఒప్పేసుకున్నారు. బావమరిది ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తట్లేదు, మా ఆవిడ పేకలు దాచేసింది. నాదే తప్పని మీరంటే ఈ నెల బిర్యానీ నేనే తెప్పిస్తాను. అసలు ఏ క్షణం దాటితే ఇక వెనక్కి తీసుకోకూడదు?

సమాధానం: తమ్ముడూ, ముందే చెప్పేస్తున్నా, మూడింటిలో నీ మాట నెగ్గేది ఒక్కటే. అది కూడా నువ్వు అన్నిటికంటే తక్కువ కోపం తెచ్చుకున్న మూడోది.

ఇళ్ళల్లో ఆడుకునేవాళ్ళకి ఇదే రూలని ఎవరూ రాసివ్వలేదు, ఎవరి టేబుల్ వాళ్ళిష్టం. కానీ టోర్నమెంట్లు నడిపేవాళ్ళు 2001లో టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ అని ఒకటి పెట్టుకుని, ఇలాంటి గొడవలన్నిటికీ రూల్స్ రాసుకుని, అప్పటి నుంచి దిద్దుకుంటూ వస్తున్నారు. టీడీఏ రూల్స్ అంటారు. నేను చెప్పేదంతా వాటిని బట్టే. గోవాకి వెళ్ళి మాండవి నదిలో కేసినో ఓడ మీద కూర్చుంటే అక్కడి సొంత రూల్స్ కొద్దిగా అటూ ఇటూ ఉండొచ్చు, అక్కడ ఆట నడిపించే ఫ్లోర్ మేనేజర్ మాటే వినాలి.

ముందు వెయ్యి చిప్ సంగతి. నీకు కోపమొచ్చింది దీని మీదే కదా, "300 కాల్‌కి ఎవడైనా వెయ్యి వేస్తాడా" అని. వేస్తాడు తమ్ముడూ, చిల్లర లేనివాడు వేస్తాడు. నువ్వు కూకట్‌పల్లిలో బస్సెక్కి 30 రూపాయల టికెట్‌కి 500 నోటిచ్చావనుకో, కండక్టర్ ఏం చేస్తాడు? నిన్నోసారి కొరకొరా చూసి, టికెట్ వెనకాల 470 అని రాసిస్తాడు, దిగేటప్పుడు తీసుకోమంటాడు. అంతేగానీ ఈయన 500 ఇచ్చాడు కాబట్టి బస్సులో పదహారు మందికి టికెట్ కొంటున్నాడు అనుకోడు. పోకర్ టేబుల్ మీద కూడా అంతే. ఎదుటివాడి బెట్ ఉన్నప్పుడు, దానికంటే పెద్ద చిప్ ఒక్కటే, నోటితో ఏమీ అనకుండా వేస్తే అది కాల్. మిగతాది చిల్లర. నీ మనసులో రేజ్ ఉండొచ్చు, కానీ టేబుల్ మీద ఉన్నది మాత్రం ఒక చిప్పూ ఓ నిశ్శబ్దమూ.

ఇందులో తమాషా ఏంటంటే, అదే వెయ్యిని నువ్వు రెండు 500 చిప్స్‌గా ఒకేసారి తోసుంటే అది రేజ్ అయ్యేది! డబ్బు అదే, ఉద్దేశం అదే, చిప్స్ లెక్క మారితే తీర్పు మారిపోయింది. ఎందుకంటే చిప్స్ ఒకటికంటే ఎక్కువుంటే చూసే లెక్క వేరు: అందులోంచి అన్నిటికంటే చిన్న చిప్ ఒకటి తీసేస్తే మిగిలింది కాల్‌కి సరిపోతుందా లేదా అని చూస్తారు. సరిపోకపోతే, అంటే కాల్‌కి అన్ని చిప్సూ అవసరమే అయితే, అది కాల్. 700 బెట్ మీద రెండు 500లు వేశావనుకో, ఒకటి తీస్తే 500 మిగిలింది, చాలదు, కాబట్టి కాలే, 300 వెనక్కి. అదే 300 బెట్ మీద రెండు 500లు వేస్తే ఒకటి తీసినా 500 ఉంది, కాల్‌కి చాలి మిగిలింది కూడా, అంటే రెండో చిప్ కావాలని వేశావన్నమాట, అప్పుడు రేజ్. నేను ఇది మొదటిసారి విన్నప్పుడు ఎవడో తీరికున్నవాడు కూర్చుని అల్లాడనుకున్నా, కానీ రెండుమూడు సార్లు టేబుల్ మీద పెట్టి చూస్తే సబబే అనిపిస్తుంది.

ఎదురుగా బెట్ ఏదీ లేదు, నువ్వే మొదలుపెడుతున్నావు, అప్పుడు మాట్లాడకుండా వెయ్యి చిప్ వేస్తే మాత్రం అది మొత్తం వెయ్యి బెట్టే, "వందే వేద్దామనుకున్నా, చిల్లరివ్వండి" అంటే కుదరదు. ముందు "రేజ్" అని నోటితో అని తర్వాత ఆ వెయ్యి చిప్ వేసినా అంతే, వెయ్యికి రేజ్ అయినట్టే. ఒక్క మాట, చిప్ కంటే అర సెకను ముందు. నీ బాధంతా ఆ అర సెకనుదే.

ఇంకోటి కూడా మీకు ఎప్పుడోకప్పుడు వస్తుంది కాబట్టి చెప్తున్నా. 300 బెట్ మీద కనీస రేజ్ అంటే ఇంకో 300 కలిపి 600 కావాలి. ఎవరో లెక్క తప్పి 450 వేశారు, నోటితో ఏమీ అనలేదు. పైన వేసింది 150, అంటే బెట్‌లో సగం. సగం గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే రేజ్ కిందే లెక్క, 600 పూర్తి చేయాల్సిందే. సగం కంటే తక్కువ వేస్తే, 400 అనుకో, కాల్ కింద తీసుకుని వంద వెనక్కిస్తారు.

ఇక రెండోది. ఇక్కడ మీ బావమరిది తొందరపడ్డాడు, నిజమే. వంతు రాకుండా నోరు జారాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మనవాళ్ళు అన్నది పోకర్‌కి మూడొంతులు వర్తిస్తుంది, ఒక వంతు వర్తించదు, ఆ ఒక వంతే ఇది. వంతు దాటి ఆడినవాడి మాట, అతని అసలు వంతు వచ్చేదాకా గాల్లో వేలాడుతూ ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్ళు పరిస్థితి మార్చకపోతే అది కట్టుబడాల్సిన మాటే. మారిస్తే చెల్లదు. మార్చడమంటే ఏంటి? కాల్, చెక్ (బెట్ లేనప్పుడు ఏమీ వేయకుండా వంతు దాటించడం), ఫోల్డ్ (ముక్కలు పడేయడం), వీటివల్ల ఏమీ మారనట్టు లెక్క. బెట్ వేసినా రేజ్ చేసినా మారినట్టు. నువ్వు ఊరికే 500 కాల్ చేసుంటే మీ బావమరిది ఆ 500కి ఇరుక్కుపోయేవాడు, లాక్కోవడానికి వీల్లేదు. నువ్వు 2000కి రేజ్ చేశావు. అతను కాల్ అన్నది 500కి కదా, 2000కి కాదు కదా. అందుకే అతని 500 అతనికి వెనక్కి, ఆ పైన కాల్, రేజ్, ఫోల్డ్, ఏదైనా అతనిష్టం. ఫోల్డ్ చేశాడు. తప్పు లేదు.

"మరి తొందరపడ్డందుకు శిక్ష లేదా" అంటావు. ఉంది, కాకపోతే నీకు తెలియకుండానే పడింది. అతని దగ్గర రేజ్ చేసేంత ముక్కల్లేవని, వదిలేసేంత చెత్తా కాదని నీకు నీ వంతు ముందే తెలిసిపోయింది. ఆ సంగతి చూసే కదా నువ్వు 2000 కొట్టింది, నిజం చెప్పు! నీ ముక్కలేంటో ఉత్తరంలో రాయలేదు, నేనూ అడగను. కావాలని పదేపదే ఇలా చేసేవాడికి టోర్నమెంట్లలో వేరే పెనాల్టీ ఉంటుంది. పొరపాటున ఒకసారి జరిగితే హెచ్చరించి వదిలేస్తారు. ఇందులో నీ బాధ్యత కూడా ఒకటుంది, గుర్తుపెట్టుకో: నీ వంతు దాటేసి నీ తర్వాతవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆడేస్తుంటే నువ్వు ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదు, "ఆగండి, నా వంతు" అని వెంటనే అనాలి. అనడానికి టైమున్నా అనకపోతే, వాళ్ళు ఆడింది ఖాయమైపోతుంది.

ఈ రెండో గొడవ దగ్గర నాకు బాలాపూర్ లడ్డూ వేలం గుర్తొచ్చింది. 1994లో 450 రూపాయలకి మొదలై, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. అక్కడ "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అనేదాకా ఎవరి పాటా ఖాయం కాదు. వస్తువుల అమ్మకం చట్టం, 1930 నాటిది, అందులో 64వ సెక్షన్‌లో ఇది రాసే ఉంది: వేలం ముగిసిందని సుత్తి కొట్టి గానీ మరో వాడుక పద్ధతిలో గానీ ప్రకటించేదాకా, పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. పోకర్‌లో సుత్తి లేదు. వంతులో ఉన్నప్పుడు నీ నోట్లోంచి వచ్చిన మాటే సుత్తి, మూడోసారి కూడా అదే. మన జనానికి వేలాలు అలవాటు, చీటీ పాటలు అలవాటు, "ఊరికే అన్నా" అనే మాట ఇంకా అలవాటు, అందుకే పోకర్ టేబుల్ మీద ఇంత గోల.

మూడోది, శీను సంగతి. ఇది నువ్వే కరెక్ట్, టేబుల్ మొత్తం తప్పు. దీన్ని స్ట్రింగ్ బెట్ అంటారు. సినిమాల్లో హీరో చుట్ట వెలిగించుకుని "నీ లక్ష నేను ఇస్తున్నా..." అని ఆగి, ఓ చూపు చూసి, "పైన ఇంకో పది లక్షలు" అంటుంటే బాగుంటుంది, అసలు టేబుల్ మీద ఆ ఆగడమే నేరం. ఎందుకో శీను చేసిందే మళ్ళీ ఊహించుకో. చెయ్యి ముందుకొచ్చింది, వంద చిప్స్ అయిదు టేబుల్ మీద టకటకా పడ్డాయి, "కాల్" అన్నాడు. ఆ మాట వినగానే నీ భుజాలు కొద్దిగా కిందికి దిగాయి, ఊపిరి వదిలావు, హమ్మయ్య కాల్‌తో పోయిందనుకున్నావు. అదంతా అతను చూశాడు. చూసి, వీడికి భయంగానే ఉందని అర్థమయ్యాక పదిహేనొందలు పెంచాడు. నీ మొహం చదివే అవకాశం ఉచితంగా కొట్టేశాడన్నమాట. అందుకే కాల్ అన్న మాట ముందొస్తే కాలే ఖాయం, తర్వాత ఎన్ని లక్షలన్నా గాలికి పోయినట్టే.

రేజ్ చేయాలంటే దారులు మూడే. మొత్తం ఒకే ఊపులో తోసేయ్. లేదా ముందే మొత్తం ఎంతో నోటితో చెప్పు, ఆ తర్వాత చిప్స్ తీరిగ్గా లెక్కపెట్టుకో. లేదా ముందు "రేజ్" అను, కాల్‌కి సరిపడా పెట్టు, ఇంకొక్కసారి మాత్రం చెయ్యి వెనక్కి వెళ్ళి మిగతాది తేవచ్చు. శీను "రేజ్" అని మొదలుపెట్టి ఇదంతా చేసుంటే ఎవరికీ పేచీ లేదు.

ఇక్కడ మన భాషతో ఒక తిరకాసు ఉంది, దీని గురించి ఎవరూ రాయరు. ఈ రూల్స్ ఇంగ్లీషు వాళ్ళవి, వాళ్ళకి క్రియ ముందొస్తుంది, మనకి వాక్యం చివర్లో వస్తుంది. "కాల్ చేస్తున్నా" అంటే అయిపోయింది. "కాల్ చేసి..." అంటే? మన చెవికి అది సగం వాక్యం, వెనకాల ఇంకేదో వస్తుందని అందరికీ తెలుసు. శీను రేపు ఇదే వాదిస్తాడు చూడు, "నేను కాల్ చేసి రేజ్ చేస్తున్నా అనబోతున్నా" అని. ఒప్పుకోవద్దు, చేసి అన్నా చేస్తూ అన్నా ముందు చెవిన పడింది కాల్. అలాగే "వెయ్యికి రేజ్" వేరు, "వెయ్యి రేజ్" వేరు. మొదటిది మొత్తం వెయ్యి అని స్పష్టం. రెండోది మొత్తం వెయ్యో, పైన వెయ్యో దేవుడికే తెలియాలి. ఆ చిన్న "కి" పలకడానికి బద్ధకించి మల్కాజ్‌గిరిలో మేము ఒక రాత్రంతా కొట్టుకున్నాం. మీ టేబుల్‌కి నా సలహా, ఎప్పుడూ మొత్తం ఎంతో చెప్పి "కి" పెట్టండి.

"అయిదు" అని ఒకడు ఊరుకుంటాడు. అయిదొందలా, అయిదు వేలా? దీనికీ రూల్ ఉంది: చెప్పిన మాటకి రెండుమూడు అర్థాలు వస్తుంటే, అప్పటికి పాట్‌లో, అంటే టేబుల్ మధ్యలో పోగైన మొత్తంలో, ఉన్నంత గానీ దానికి లోపు గానీ ఉండే అర్థాల్లో పెద్దది తీసుకుంటారు. పాట్‌లో 1200 ఉంటే అది అయిదొందలు, ఆరు వేలుంటే అయిదు వేలు.

"కాల్" అనే మాటతోనే మా దగ్గర ఇంకో ముచ్చట జరిగింది. ఒకాయన వంతు, పెద్ద బెట్ ఎదురుగా ఉంది, సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ వణికింది. తీసి చూసి, లేస్తూ, "అరె, కాల్" అన్నాడు. అంతే, టేబుల్ అంతా ఒక్కసారి "కాల్ అన్నాడు, కాల్ అన్నాడు" అని అరుపులు. ఫోన్ చేతిలో మోగుతూనే ఉంది, స్క్రీన్ మీద వాళ్ళావిడ పేరు కనిపిస్తూనే ఉంది! అది కాల్ కాదని తేల్చాం, ఎందుకంటే టీడీఏ మొదటి రూలే చెప్తుంది, రూల్ పుస్తకంలో అక్షరం కంటే న్యాయం ముందు అని. అదే ఆయన ఫోన్ జేబులోంచి తీయకుండా అనుంటే నేనే ఆయన్ని పట్టుకునేవాణ్ణి. చేత్తో టేబుల్ తట్టడం కూడా ఇంతే. వంతులో ఉండి తడితే చెక్ అని అర్థం. పాట హమ్ చేస్తూ వేళ్ళతో దరువేసే అలవాటున్న మిత్రుడొకడు ఉన్నాడు మాకు, ఎన్ని మంచి ముక్కలకి చెక్ అయిపోయాడో లెక్కలేదు.

"నువ్వు వేస్తే నేనూ వేస్తా" టైపు మాటలు అసలొద్దు. జరగబోయేదాని మీద షరతు పెట్టి మాట్లాడితే దానికి కట్టుబడాల్సి రావచ్చు, పెనాల్టీ కూడా పడొచ్చు. "కాల్ చేద్దామా వద్దా" అని నీలో నువ్వు గొణుక్కుంటే అది ప్రశ్నే, కానీ చివరి "వద్దా" మింగేస్తే మళ్ళీ పంచాయితీ.

ముక్కల విషయానికొస్తే, వంతులో ఉండి ఫోల్డ్ అంటే ఫోల్డే. వంతు రాకుండా అన్నా ఫోల్డే, మధ్యలో ఎవరు రేజ్ చేసినా చేయకపోయినా అది తిరిగిరాదు. కానీ చివర్లో ముక్కలు తిప్పేటప్పుడు నోటితో అనే దానికి విలువ లేదు, ఇది రమ్మీ నుంచి వచ్చినవాళ్ళకి వింతగా ఉంటుంది. రమ్మీలో రాంగ్ షో కొడితే 80 పాయింట్లు నెత్తిన పడతాయి. పోకర్‌లో "ఫ్లష్" అని, అంటే అయిదు ముక్కలూ ఒకే గుర్తువని, గట్టిగా అరిచి ముక్కలు తిప్పితే, నాలుగు ఇస్పేట్లూ ఒక కళావరూ ఉంటే, ఫ్లష్ లేదు, అంతే, ఉన్నదేంటో ముక్కలే చెప్తాయి. కాబట్టి ఎదుటివాడి అరుపు విని నీ ముక్కలు పారేయకు, అతనివి తిప్పి కళ్ళతో చూశాకే వదులు. డబ్బు గురించి అన్న మాట కట్టేస్తుంది, ముక్కల గురించి అన్న మాట కట్టేయదు.

డబ్బు పెట్టం అన్నావు, చాలా మంచిది, అలాగే ఉంచు. రమ్మీ నైపుణ్యమున్న ఆటేనని 1960లలో సుప్రీంకోర్టు తేల్చింది సికింద్రాబాద్ క్లబ్బొకదాని కేసులోనే, మూడు ముక్కలాటని మాత్రం ఉత్త అదృష్టం కింద తోసేసింది. కానీ 2017లో తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించాక ఇక్కడ ఆ పాత తీర్పు పట్టుకుని పందెం కాస్తే పోలీసుల ముందు నిలవదు. పైగా 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందమే చెల్లదు. "కాల్ అన్నాడు, ఇవ్వట్లేదు" అని ఎవరి మీదా కేసు వేయలేవు.

ఇక మీ బావమరిది. రెండు గొడవల్లోనూ అతనే కరెక్ట్, కాబట్టి ముందు నువ్వే ఫోన్ చెయ్, ఎత్తకపోతే మీ ఆవిడ ఫోన్ నుంచి చెయ్. శనివారం ఆట మొదలుపెట్టే ముందు వెయ్యి చిప్, స్ట్రింగ్ బెట్, వంతు దాటి ఆడటం, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, మిగతావి గొడవ వచ్చినప్పుడు చూసుకోవచ్చు. శీను చేత కూల్‌డ్రింక్స్ తెప్పించు, ఆ పదిహేనొందల లెక్క అలా తీరుతుంది.

బిర్యానీ మాత్రం నీదే. "నాదే తప్పని మీరంటే నేనే తెప్పిస్తాను" అని రాశావు, అది షరతుతో అన్న మాట, పైన చెప్పాను కదా వాటి సంగతి.